పాత ముఖం... కొత్త ఒళ్లు!

1969 చివర్లో రోడ్డెక్కి, అయిదేళ్లయినా నిండకుండా కనుమరుగైన కారు అది. 2008లో అదే ముఖంతో మళ్లీ పుట్టి పదిహేనేళ్లు దర్జాగా బతికింది. అసలు ఓడిపోయిన చోట నకలు గెలిచింది. అమెరికన్ల మనసు దోచిన ‘డాడ్జ్ ఛాలెంజర్’ రెండు జన్మల కథ ఇది.

అమెరికాలోని డెట్రాయిట్ నుంచి ఉత్తరంగా పోయే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఏటా ఆగస్టు మూడో శనివారం కార్ల తిరునాళ్ల జరుగుతుంది. 1995లో మొదలైన ఈ ‘వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్’లో పరుగు పందేలుండవు. పాత కార్లను తుడిచి, మెరుగుపెట్టి, తాపీగా నడుపుకుంటూ వెళ్తారంతే. చూసేవాళ్లు రోడ్డు పక్కన మడత కుర్చీలు వేసుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటారు. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి శివారు ఊళ్లలో మన తెలుగు ఇంజినీర్ల కుటుంబాలు బోలెడున్నాయి. పిల్లల దగ్గరికని వేసవిలో వెళ్లిన అమ్మానాన్నల్లో ఈ తిరునాళ్ల చూసొచ్చినవాళ్లూ ఉంటారు.

అక్కడ రెండు ఛాలెంజర్లు పక్కపక్కన నిలబడితే చూడాలి. రెండూ నారింజరంగువే. రెంటికీ ముందువైపు లోపలికి నొక్కినట్టున్న గ్రిల్లు, అందులో నాలుగు గుండ్రటి దీపాలు. పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ. వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి తుంటిలా పైకి లేచే గీత. దూరం నుంచి కవలల్లా ఉంటాయి. దగ్గరికి వెళ్తే తెలుస్తుంది, వాళ్లు తాతా మనవళ్లని. ఒకటి 1970 మోడల్, రెండోది 2008 మోడల్. మనవడు తాత కన్నా జానెడు పొడుగు కూడా!

కండలు తిరిగిన కార్లు

తాత కథ ముందు చెప్పుకుందాం. అరవయ్యో దశకంలో అమెరికాలో కుర్రకారు చేతిలో డబ్బులు ఆడుతున్నాయి. పెట్రోలు చవక. నాన్న కొన్న పెద్ద పడవలాంటి కారు వాళ్లకి నచ్చలేదు. 1964లో పాంటియాక్ కంపెనీ ఓ మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజిన్ బిగించి ‘జీటీఓ’ అని అమ్మింది. మజిల్ కార్ల యుగం దానితోనే మొదలైందని చాలామంది అంటారు. అదే ఏడాది ఏప్రిల్ 17న ఫోర్డ్ ‘మస్టాంగ్’ వచ్చింది. ధర 2,368 డాలర్లు. మొదటిరోజే 22 వేల ఆర్డర్లు, రెండేళ్లలో పది లక్షల కార్లు!

ఇది చూసి మిగతా కంపెనీలన్నీ పరుగందుకున్నాయి. క్రైస్లర్ వారి డాడ్జ్ మాత్రం నింపాదిగా అయిదేళ్ల తర్వాత, 1969 చివర్లో, 1970 మోడల్‌గా ఛాలెంజర్‌ను తెచ్చింది. కార్ల్ కామెరాన్ అనే డిజైనర్ గీసిన రూపమది. గ్రిల్లును ఆయన కొత్తగా ఆలోచించలేదు. అంతకు కొన్నేళ్ల ముందు, తయారీ దాకా రాని ఓ టర్బైన్ ఇంజిన్ కారు కోసం తానే గీసిన స్కెచ్‌ను బయటకు తీశాడు. అంటే ఈ ‘అసలు’ కారు ముఖం కూడా పాత కాగితాల్లోంచి వచ్చిందే అన్నమాట!

కారు అందంగా కుదిరింది. రంగులు చూస్తే నోరూరాల్సిందే... మామిడిపండు రంగుకి ‘గో మ్యాంగో’, ఊదాకి ‘ప్లమ్ క్రేజీ’, గులాబీకి ‘పాంథర్ పింక్’ అని పేర్లు పెట్టారు. నెమ్మదిగా పోయే ఆరు సిలిండర్ల ఇంజిన్ నుంచి ఒళ్లు జలదరించే ‘426 హెమీ’ దాకా ఎవరి స్తోమతకు తగ్గ ఇంజిన్ వాళ్లకి. ఇంధనం మండే గది అర్ధగోళంలా ఉంటుంది కాబట్టి హెమీ అన్నారు. ఏడు లీటర్ల ఇంజిన్. దాని శక్తి 425 హార్స్‌పవర్లని కంపెనీ ప్రకటించింది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అన్నీ ఉన్నాయి, ముహూర్తమే బాగోలేదు. అప్పటికే బీమా కంపెనీలు కుర్రాళ్లు కొనే ఇలాంటి కార్ల మీద ప్రీమియం దంచేస్తున్నాయి. 1969 డిసెంబరులో వియత్నాం యుద్ధానికి పంపేందుకు లాటరీ తీసి కుర్రాళ్లను పిలవడం మొదలైంది. ఈ కారు ఎవరికోసం తయారైందో ఆ వయసు వాళ్లే! 1970లో పొగ కాలుష్యం మీద కఠినమైన చట్టం వచ్చింది. 1971 మోడల్‌తోనే హెమీ ఇంజిన్ సెలవు తీసుకుంది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. 1974 ఏప్రిల్‌లో ఛాలెంజర్ తయారీ ఆగిపోయింది. అయిదు మోడళ్లలో కలిపి అమ్ముడైనవి రెండు లక్షల లోపే. ఫోర్డువాళ్లకది ఓ సీజన్ బేరం!

అలా మరుగున పడాల్సిన కారుకి సినిమా ప్రాణం పోసింది. 1971లో వచ్చిన ‘వ్యానిషింగ్ పాయింట్’లో హీరో తెల్ల ఛాలెంజర్‌ను డెన్వర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి చేర్చాలి. పోలీసులు వెంటపడుతుంటారు, అతను ఆగడు. చివర్లో బుల్డోజర్లకు గుద్దుకుని కారు పేలిపోతుంది. తమాషా ఏమిటంటే ఆ పేలిపోయే కారు ఛాలెంజర్ కాదు, తెల్లరంగు వేసిన పాత షెవర్లే కమారో! నకళ్ల వ్యవహారం అప్పుడే మొదలైందన్నమాట.

మళ్లీ పిలిచారు

2005 మోడల్‌గా ఫోర్డ్ తన మస్టాంగ్‌కు అరవయ్యో దశకం నాటి ముఖాన్ని మళ్లీ పెట్టింది. జనం ఎగబడ్డారు. మన దగ్గర ఎప్పుడో ఆగిపోయిన జావా బండిని 2018లో మళ్లీ తెస్తే నడివయసు వాళ్లు షోరూముల ముందు నిలబడ్డారే, అలాంటిదే ఇదీ. 2006 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో డాడ్జ్ కూడా ఓ నమూనా కారును ప్రదర్శించింది. మైఖేల్ కాస్టిలియోన్ రూపకల్పన. నారింజరంగు మీద నల్ల చారలు. మస్టాంగ్‌లో పాత ఛాయలు మాత్రమే ఉన్నాయి, ఇది ఏకంగా 1970 కారును లేపి కూర్చోబెట్టినట్టుంది. ఆ ఏడాదే, తయారు చేస్తున్నామని కంపెనీ ప్రకటించేసింది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. బొమ్మ గీయడం తేలిక. ఆ బొమ్మను ఏ చట్రం మీద నిలబెట్టాలి? కేవలం ఈ కారు కోసం కొత్త చట్రం చేసే డబ్బు క్రైస్లర్ దగ్గర లేదు. ఉన్నదల్లా ‘క్రైస్లర్ 300’ అనే నాలుగు తలుపుల పెద్ద కారు తాలూకు చట్రం. అప్పట్లో కంపెనీ యజమాని జర్మనీకి చెందిన డైమ్లర్. అందుకే ఆ చట్రంలో వెనక సస్పెన్షన్, అయిదు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు మెర్సిడెస్ బెంజ్ సంతానం. దాన్నే నాలుగంగుళాలు కత్తిరించి వాడారు. ఇక కారు తయారైంది కెనడాలోని బ్రాంప్టన్‌లో. అమెరికన్ల గుండె ఉప్పొంగించే ఈ కారుకి ఎముకలు జర్మనీవి, పురుడు కెనడాది!

కొలతలు చెప్పే కథ

టేపు పెట్టి కొలిస్తే సంగతంతా బయటపడుతుంది. పాత ఛాలెంజర్ పొడవు 191.3 అంగుళాలు, కొత్తది 197.7. ముందు వెనక చక్రాల మధ్య దూరం 110 నుంచి 116కు పెరిగింది. ఎత్తు... ఇది ముఖ్యం... 50.9 నుంచి 57 అంగుళాలకు చేరింది. మరి వెడల్పో? పాతది 76.1, కొత్తది 75.7. పెరగకపోగా వెంట్రుకవాసి తగ్గింది.

ఫొటోను ఎన్‌లార్జ్ చేస్తే నిలువూ అడ్డం రెండూ పెరుగుతాయి కదా. ఇక్కడ పొడవూ ఎత్తూ పెరిగాయి, వెడల్పు మాత్రం అక్కడే ఆగిపోయింది. మనిషి అదే భుజాలతో ఉండి ఆరంగుళాలు పొడుగైతే ఎలా ఉంటాడు? సన్నగా, నిలువుగా కనిపిస్తాడు. మజిల్ కారుకి ఆ రూపం పనికిరాదు. నేలను కరుచుకుని ఉన్న పులిలా ఉండాలది. అందుకని డిజైనర్లు కనికట్టు చేశారు. పాత కారుకి 14, 15 అంగుళాల చక్రాలుంటే కొత్తదానికి 20 అంగుళాలవి పెట్టారు. చక్రం పెద్దదైతే దాని పైనున్న ఒళ్లు పల్చగా కనిపిస్తుంది. కిటికీ అద్దాలను సన్నగా చేసి, తలుపుల అంచును పైకి జరిపారు. దాంతో కప్పు కిందికి నొక్కినట్టు అనిపిస్తుంది.

బయట నిలబడి చూసేవాడికి ఇది బ్రహ్మాండం. లోపల కూర్చున్నవాడికి మాత్రం కాదు. పాత కారులో తలుపు అంచు మోచేయి ఆన్చుకునేంత కిందికి ఉండేది, చుట్టూ ఊరంతా కనిపించేది. కొత్తదాంట్లో స్నానాల తొట్టిలో కూర్చున్నట్టు! వెనక వచ్చే బండి కనిపించాలంటే మెడ తిప్పలు పడాల్సిందే. అయితే ఇదంతా డిజైనర్ల తప్పు కాదు. పక్కనుంచి ఏదైనా గుద్దితే లోపలివాళ్లు బతకాలి, అందుకు తలుపులు మందంగా ఉండాలి, స్తంభాలు లావుగా ఉండాలి, వాటిలో ఎయిర్‌బ్యాగులు పట్టాలి. 1970 కారులో ఇవేవీ లేవు. అదనపు డబ్బు కట్టకపోతే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు కూడా ఇచ్చేవారు కాదు. నాలుగింటికీ డ్రమ్ములే. అంత వేగంగా పోయే కారుకి! ఆ బక్కపలచని అందం వెనక ఉన్న అసలు సంగతి ఇది.

నన్నడిగితే, రెంటికీ ఉన్న పెద్ద తేడా మరోచోట ఉంది. పాత ఛాలెంజర్‌లో ముందు అద్దానికీ వెనక అద్దానికీ మధ్య స్తంభం లేదు. నాలుగద్దాలూ దించేస్తే ఇటు నుంచి అటు ఖాళీ. వీధరుగు మీద కూర్చున్నట్టు గాలి ఆడేది. 2006 నమూనా కారులో దాన్ని అలాగే ఉంచారు. 2008లో షోరూముకి వచ్చిన కారులో మాత్రం స్తంభం దిగింది. కనిపించకుండా దానికి నల్లరంగు పూశారు, వెనకద్దాలు కిందికి దిగకుండా బిగించేశారు. అద్దాలన్నీ ఎత్తి ఉన్నప్పుడు కళ్లు మోసపోతాయి. వేసవి సాయంత్రం అద్దాలు దించినప్పుడే తెలుస్తుంది, ఏది అసలో, ఏది నకలో!

ఒకే అంకె... రెండు లెక్కలు

ఇందాక 425 గుర్తుపెట్టుకోమన్నాను కదా. 2008లో వచ్చిన ఛాలెంజర్ ఎస్ఆర్‌టీ8లో 6.1 లీటర్ల కొత్త హెమీ ఇంజిన్ ఉంది. దాని శక్తి ఎంతనుకున్నారు? 425 హార్స్‌పవర్లు! పాతదానిదీ అదే అంకె. అంటే సమానమా?

కానే కాదు. 1971 దాకా అమెరికాలో ఇంజిన్‌ను బయటపెట్టి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ఆల్టర్నేటర్ వంటివేవీ లేకుండా శక్తి కొలిచి ప్రకటించేవారు. 1972 నుంచి అన్నీ తగిలించి, కారులో ఉన్నట్టే ఉంచి కొలవడం మొదలెట్టారు. ఒకడు ఉత్త చేతులతో, ఇంకొకడు నెత్తిన బియ్యం మూటతో పరుగెత్తి ఒకే టైముకి చేరితే ఎవరు బలవంతుడు? కొత్త కారు బరువు దాదాపు 1,880 కిలోలు. అంత బరువుతోనూ గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగాన్ని 5 సెకన్లలో అందుకుంటుంది, ఆ తర్వాత బుద్ధిగా ఆగుతుంది కూడా. పాత హెమీ శక్తిని కంపెనీ కావాలనే తగ్గించి చెప్పిందని అభిమానులు ఇప్పటికీ వాదిస్తుంటారనుకోండి, అది వేరే సంగతి!

తాగుడులో మాత్రం మనవడు తాతకు తగ్గవాడే. ఊళ్లో లీటరుకు అయిదున్నర కిలోమీటర్లు. పెట్రోలు ఎక్కువ తాగుతుందని ప్రభుత్వం వేసిన పన్నే 2,100 డాలర్లు. కారు ధర 37,995 డాలర్లకు అది అదనం. మొదటి ఏడాది అమెరికాకు కేటాయించినవి 6,400 కార్లు, అన్నీ ముందే బుక్కైపోయాయి.

మళ్లీ అదే గండం

చరిత్ర మళ్లీ అదే ఆట ఆడింది. కారు షోరూముల్లోకి వచ్చిన 2008 వేసవిలోనే అమెరికాలో పెట్రోలు గ్యాలన్ 4 డాలర్లు దాటింది. ఏడాది తిరక్కుండా, 2009 ఏప్రిల్ 30న క్రైస్లర్ దివాలా పిటిషన్ వేసింది. 1974 మళ్లీ వచ్చిందనుకున్నారంతా. ఇటలీకి చెందిన ఫియట్ వచ్చి కంపెనీని నిలబెట్టింది. ఛాలెంజర్ బతికింది.

బతకడమే కాదు, వయసు మీదపడే కొద్దీ ఎక్కువ అమ్ముడైంది. కార్ల లోకంలో ఇది వింత. మామూలుగా కొత్త మోడల్ మొదటి రెండు మూడేళ్లే కళకళలాడుతుంది. ఛాలెంజర్ పదేళ్ల తర్వాత, 2018లో, 66 వేలు దాటింది. 2021లో మస్టాంగ్‌ను కూడా వెనక్కి నెట్టింది. 1970లో జరగనిది యాభై ఏళ్ల తర్వాత జరిగింది! మధ్యలో పాత రంగులు ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి, గో మ్యాంగోతో సహా. 2015లో గ్రిల్లునూ వెనక దీపాలనూ రెండుగా చీల్చి మార్చారు. అది 1971 ఛాలెంజర్ ముఖం. ఏడేళ్లలో ఈ కారుకి వయసు ఒక్క ఏడాదే పెరిగిందన్నమాట.

ఎందుకు గెలిచింది? 1970లో ఈ కారును గోడమీద పోస్టర్‌లో చూసి మురిసిన కుర్రాడికి 2008 నాటికి యాభై అయిదు, అరవై ఏళ్లు. అప్పుడు హెమీ ఛాలెంజర్ కొనాలంటే 4 వేల డాలర్లకు పైనే, బీమా అదనం. వాళ్లలో చాలామందికి అది దక్కలేదు. ఇప్పుడు ఇంటి అప్పు తీరిపోయింది, పిల్లలు స్థిరపడ్డారు. పాత కారే కొనాలంటే హెమీవి అపురూపం. 1970 కన్వర్టబుల్లో తొమ్మిదే చేశారు. కొత్తదయితే వారంటీతో వస్తుంది, ఏసీ ఉంటుంది, నడుంనొప్పి రాదు. పోగొట్టుకున్నదాన్ని కాదు, అసలెప్పుడూ చేతికి రానిదాన్ని వాళ్లు కొనుక్కున్నారు. అందుకే కొలతల్లో తేడాలు వాళ్ల కంటికి ఆనలేదు. చిన్నప్పుడు చూసిన ఏ వస్తువైనా జ్ఞాపకంలో కాస్త పెద్దదిగానే ఉంటుంది కదా!

నల్ల దెయ్యం

అయితే అసలును ఎవరు ఎలా వాడారో తెలియాలంటే ఒక కారు గురించి చెప్పుకోవాలి. గాడ్‌ఫ్రే క్వాల్స్ డెట్రాయిట్ పోలీసుశాఖలో మోటార్‌సైకిల్ మీద తిరిగే ట్రాఫిక్ పోలీసు. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. 1969 చివర్లో నల్ల ఛాలెంజర్ కొన్నాడు. హెమీ ఇంజిన్, నాలుగు గేర్లు, కప్పు మీద మొసలి చర్మంలా కనిపించే నల్లటి వినైల్ తొడుగు, తోకమీద తెల్లచార. పగలు వేగంగా పోయేవాళ్లకు చలాన్లు రాయడం ఆయన ఉద్యోగం. రాత్రిళ్లు..? అదే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పందేలు! ఎక్కడినుంచో వచ్చేవాడు, ఎదుటివాణ్ని ఓడించేవాడు, మాయమైపోయేవాడు. ఎవరో ఎవరికీ తెలిసేది కాదు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది మరి. వుడ్‌వర్డ్ కుర్రాళ్లు ఆ కారుకి ‘బ్లాక్ ఘోస్ట్’ అని పేరు పెట్టుకున్నారు.

డెబ్భయ్యో దశకం మధ్యలో ఆ కారు గ్యారేజీకి చేరింది, దశాబ్దాలపాటు అక్కడే ఉండిపోయింది. క్వాల్స్ దాన్ని అమ్మలేదు. 2015లో చనిపోయే ముందు కొడుకు చేతికి అప్పగించాడు. 2020లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టర్‌లో ఆ కారు పేరెక్కింది. 2023 మేలో ఇండియానాపోలిస్ వేలంలో పాట 9 లక్షల 75 వేల డాలర్ల దగ్గర ఆగింది. ఛార్జీలతో కలిపితే పది లక్షలు దాటింది.

డాడ్జ్ ఊరుకుంటుందా? ఛాలెంజర్ తయారీ ఆపేస్తున్నామని అప్పటికే ప్రకటించిన కంపెనీ, ఆఖరి విడతలో ‘బ్లాక్ ఘోస్ట్’ పేరుతో 300 కార్లు చేసింది. 807 హార్స్‌పవర్లు. నల్లరంగు, తోకమీద అదే తెల్లచార, కప్పు మీద మొసలి చర్మపు డిజైను అంటించిన వినైల్. చూడ్డానికి బాగుందని ఒప్పుకోవాల్సిందే. కానీ దొంగచాటుగా పందేలు కట్టిన ఓ పోలీసాయన గుట్టును కంపెనీ నంబర్లు వేసి అమ్మడం నాకెందుకో కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

2023 డిసెంబరులో బ్రాంప్టన్ నుంచి చివరి ఛాలెంజర్ బయటికొచ్చింది. ఆ తర్వాత డాడ్జ్ తెచ్చింది కరెంటుతో నడిచే ‘ఛార్జర్ డేటోనా’. దాని రూపం మళ్లీ అరవయ్యో దశకం నాటి ఛార్జర్‌ను గుర్తుకు తెచ్చేదే. కరెంటు కారుకి చప్పుడుండదు కదా, మజిల్ కారు మౌనంగా పోతే ఎలా? అందుకని పాత వీ8 ఇంజిన్లలా గర్జించేందుకు స్పీకర్లతో ఓ శబ్దయంత్రం పెట్టారు. కావాలంటే మోగుతుంది, పక్కింటివాళ్లు నిద్రపోతుంటే ఆపేసుకోవచ్చు.